ఎడమ తుంటి కుస్తీ

కొల్హాపూర్,
ఆదివారం.

నా కూతురు చిరంజీవి సాయలీకి, ఆబా ముద్దులు, ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నా ఎడమ తుంటి ఒక్కటే ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. మీ కుస్తీ శిబిరంలో ఫోన్లు తీసి దాచేస్తున్నారు కాబట్టి ఈ మోటు చేతులతో ఉత్తరం రాయాల్సి వచ్చింది. అక్షరాలు చూసి నవ్వకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను మీ ఆయీ వీధంతా పంచి, నాకు షుగరని ఒక్క చెంచా పెట్టింది. తాలింఖానాలో గోదా మట్టి మార్చారు. పసుపు, మజ్జిగ, నూనె పోసి తొక్కారట. నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చిన కుర్రాళ్ల ఒంటిమీద ఆ వాసన తగిలి ప్రాణం లేచొచ్చింది. మటన్ రసం తాగుతున్నావా అన్నావు. తాగుతున్నాను, కారం మండే ఎర్రది కాదు, చప్పటి తెల్లది. అదీ మీ ఆయీ దయ.

ఆవిడ నోరు మామూలే. మొన్న నా దిండు సర్దుతూ, "ఊళ్లో అందరి వీపులూ మట్టికి ఆనించారు. ఇప్పుడు చూడండి, ఆ నర్సు పిల్ల ఒంటిచేత్తో మిమ్మల్ని చిత్తు చేసి పడుకోబెట్టింది" అంది. పక్క మంచం పెద్దాయన నవ్వలేక దగ్గాడు. నేనూ నవ్వాను. ఆ తరవాత ఆవిడ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక ఆపరేషన్ సంగతి. తుంటికి పెట్టిన లోహపు కీలుకి క్రిములు పట్టడం, కిందటేడు కోసి కడిగినా చీము ఆగకపోవడం నీకు తెలిసినవే. "మందులతో చంపలేరా?" అని రాశావు. నేనూ అదే అడిగాను. ఘాట్గే డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని చెప్పింది.

"పైల్వాన్‌గారూ, అవి లోహం మీద పొర కట్టుకుని కూర్చుంటాయి. మందు ఆ పొర దాటి సరిగా వెళ్లదు. మాత్రలతో కొన్నాళ్లు అణిచిపెట్టొచ్చు. కానీ ఎప్పుడు రక్తంలోకి పాకుతాయో చెప్పలేను. కీలు తీసెయ్యడమే మంచిది."

తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, కొన్ని నెలలు ఆగి, మళ్లీ కోసి కొత్తది పెడతారట. అంటే ఇంకో రెండుసార్లు బల్ల ఎక్కాలి. కోసినప్పుడల్లా ఎముక కొంత తరిగిపోతుంది, రక్తం ఎక్కువ పోతుంది. ఇంతా చేశాక క్రిములు మళ్లీ రావని హామీ లేదు. పైగా నా షుగరు, నా గుండె. "రెండోసారి మీ గుండె తట్టుకుంటుందని మాటివ్వలేను" అంది. ఆవిడ ఏదీ దాచదు, అందుకే నాకు నచ్చింది.

నాకు పట్లు నేర్పిన తాతోబా వస్తాదు అక్కడే ఉన్నాడు. "మా హిందూరావ్ సగం కుస్తీలో గోదా వదిలే రకం కాదమ్మా! రెండు కాదు, నాలుగుసార్లు కొయ్యి!" అన్నాడు.

"అయితే మీరే పడుకోండి వస్తాద్‌గారూ, మిమ్మల్నే కోస్తారు" అంది మీ ఆయీ.

నేను మాత్రం మీసం దువ్వి తలూపాను. అందరూ నేను ఒప్పుకున్నాననే అనుకున్నారు.

ఇప్పుడు రాసేది మీ ఆయీకి కూడా ఇంకా చెప్పలేదు, సాయంత్రం చెబుతాను. నిన్న కట్టు మార్చేటప్పుడు డాక్టరమ్మ ఒంటరిగా దొరికింది. "కీలు తీసెయ్యండి. మళ్లీ కొత్తది పెట్టొద్దు" అన్నాను. అలాగూ చెయ్యొచ్చట. కీలు ఉన్నచోట కండ గట్టిపడి సర్దుకుంటుంది, కాలు మాత్రం పొట్టిదవుతుంది. ఎత్తు చెప్పు, చేతికర్ర, బతికినన్నాళ్లూ కుంటి నడక. ఒక్క కోతతో సరి. అందులోనూ ప్రమాదం లేకపోలేదు, కానీ రెండోది ఉండదు.

"మీలాంటివాళ్లు దీనికి ఒప్పుకోరు. బాగా ఆలోచించుకోండి" అంది.

"ఆలోచించుకునే చెబుతున్నానమ్మా."

నాకు భయం వేసింది, తల్లీ. నాకంటే దిట్టమైన పంజాబు పైల్వాన్లు తొడ చరిచినప్పుడు వెయ్యని భయం. చావంటేనే భయం. రెండోసారి ఆ బల్ల ఎక్కి నేను దిగకపోతే నీ కుస్తీ చూసేదెవరు? మీ ఆయీ వచ్చినా, నిన్ను ఎవరైనా పట్టుకోగానే కళ్లు మూసుకుంటుంది. నాకు కుంటుకుంటూనైనా వచ్చి చూడాలని ఉంది. ఊళ్లోవాళ్లు హిందూరావ్ ఓడిపోయాడంటే అననీ.

ఆపరేషన్ గురువారం. నీ ఎంపిక పోటీ కూడా ఆరోజే. "పోటీ వచ్చే ఏడూ ఉంటుంది, నేనొచ్చేస్తా" అని రాశావు కదా, వచ్చావంటే గుమ్మంలోంచే తిట్టి పంపిస్తాను. గెలిచినా ఓడినా, ఆడి రా.

వచ్చాక ఎప్పటిలాగే వంగి నా కాళ్లకు దండం పెడతావు. అప్పుడు రెండు పాదాలూ ఒక్కచోట దొరకవు. ఎడమది నేలకు అందకుండా పైన ఉంటుంది, నీ చెయ్యి కాస్త ఎత్తి అందుకోవాలి. అది చూసి ఏడవకు తల్లీ. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను, కర్రమీద నిలబడి ఏడవడం నాకింకా అలవాటు లేదు.

ఇట్లు,
నీ రాకకోసం బతకాలనుకుంటున్న
ఆబా