నువ్వు ముట్టుకోవద్దన్న మిషను

అమ్మా,

నీకూ నాన్నకూ నమస్కారాలు. ఈ ఉత్తరం రాసే పూటకి ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మన దొరగారూను. అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నీ చేత్తో రాసిన ఉత్తరం! "ఒత్తులు తర్వాత పెడదాంలే అనుకుని మర్చిపోయాను" అని అడుగున రాశావు చూడు, అది చదివి ల్యాబులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క సీటు అక్క, "ఏంటే, సంబంధం కుదిరిందా?" అంది. "కాదక్కా, మా అమ్మ పలక పట్టింది" అన్నాను. నువ్వడిగినట్టే ఈసారి అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. దీన్ని పక్కింటి పిన్ని చేత చదివించుకోకు. నీ అంతట నువ్వే చదువు.

తిండి సరిగా తింటున్నాను. గదిలో ఫ్యాను బాగయింది. కానీ అది తిరుగుతున్నంతసేపూ దొర పంజరంలోంచి తల మీది కుచ్చు నిక్కించి దాన్ని తిడుతూనే ఉంటాడు.

పిట్టలకి క్లబ్బేంటని నాన్న అడిగాడన్నావు. పిట్టలకి కాదని చెప్పు, పెంచేవాళ్లకి. ఆదివారం పొద్దున సైకిలు షాపు మీది గదిలో పన్నెండు మందిమి చేరతాం. ప్రతివాళ్ల చేతిలో ఒక పంజరం, దాని మీద తువ్వాలు. కార్యదర్శి కటింగు షాపు బాబాయి. వచ్చినవాళ్ల తల చూసి, "ముందు నువ్వు కూర్చో, నీ పిట్ట సంగతి తర్వాత" అంటాడు. రిటైరైన నర్సు ఒకావిడ ఉంది, అందరం మామ్మగారంటాం. ఆవిడకి పద్నాలుగు లవ్‌బర్డ్స్. పద్నాలుగింటికీ ఒకటే పేరు, "ఒరేయ్". పిలిస్తే అన్నీ పలుకుతాయి. గింజలు ఎలా నానబెట్టాలి, గోళ్లు ఎలా కత్తిరించాలి అన్నీ నేను నోటుబుక్కులో రాసుకుంటుంటే ఆవిడ, "పరీక్షేం లేదే తల్లీ" అని ఏడిపిస్తుంది. అమ్మా, ఈ ఊళ్లో నాకు మనుషులు దొరికారు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "పోయిన ఉత్తరంలో దొర గురించి ఒక్క వాక్యమే రాశావేం?" అన్నావు. చదవడం వచ్చి నాలుగు నెలలు కాలేదు, రాయనివి కూడా చదివేస్తున్నావు.

ఆ వాక్యం అబద్ధం. "దొర బాగున్నాడు" అని రాసిన రోజు దొర నా దగ్గర లేడు.

గుడ్డల నూగుకి తుమ్ముతున్నాడని, నాకు తోడుంటాడని, కళ్లు తుడుచుకుంటూ నువ్వు వాణ్ణి నా చేతిలో పెట్టావు. క్లబ్బులో అందరూ "ఎంత మచ్చికో!" అని మెచ్చుకునేసరికి నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఒక సాయంత్రం పంజరం లేకుండా భుజాన ఎక్కించుకుని డాబా మీదికి వెళ్లాను. పక్క డాబా మీద ఎవరో పరుపు దులిపారు, దబ్బుమని. అంతే. భుజం తేలికైపోయింది. చూస్తే రెండిళ్ల అవతల నీళ్ల ట్యాంకు మీద ఉన్నాడు. గొంతు పోయేలా పిలిచాను. రాలేదు.

ఎవరి పిట్ట ఎగిరిపోయినా క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. తెల్లారేసరికి అందరూ తమ పంజరాలు తెచ్చి ఆ ఇంటి డాబా మీద పెడతారు. మనుషులు నోరు మెదపకూడదు. పిట్టల గొంతు విని తప్పిపోయింది దిగాలి. మోకాళ్ల నొప్పులతో మామ్మగారు మూడంతస్తులు ఎక్కింది, అమ్మా. రెండు పొద్దులు కూర్చున్నాం. వాడు ట్యాంకు మీంచి బదులు పలికాడే గానీ దిగలేదు.

మూడో పొద్దున బాబాయి గుసగుసగా అడిగాడు. "వీడు ఏ చప్పుడు వింటూ పెరిగాడమ్మా?"

"కుట్టు మిషను. మా అమ్మ టైలరు."

"మరి రెండ్రోజుల్నుంచి చెప్పవేం!"

"మీరు అడగలేదు బాబాయ్."

"బాగుంది! దీనికి కూడా ప్రశ్నాపత్రం ఇవ్వాలా?" అంటూ కిందికి పరిగెత్తాడు.

మా వీధి టైలరుగారి కాలి మిషను నలుగురు పట్టి పైకి ఎక్కించారు. ఆయనే కూర్చుని తొక్కారు, గుర్రం పరుగులా. దొర తల కూడా తిప్పలేదు. నీ చప్పుడు అది కాదు మరి. నాకు తెలుసు. నువ్వు పొడుగ్గా ఒక కుట్టు వేస్తావు. ఆగి గుడ్డ తిప్పుతావు. మూడు చిన్న కుట్లు. మళ్లీ ఆగి దారం కొరుకుతావు. పన్నెండేళ్లు ఆ చప్పుడు పక్కనే చదువుకున్నాను.

కానీ మిషను ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదు. చిన్నప్పుడు ఒకసారి నీ మిషను మీద చెయ్యి వేస్తే కొలబద్దతో ఒక్కటిచ్చి, "ఇది ముట్టుకుంటే ఇక్కడే ఉండిపోతావు, పుస్తకం ముట్టుకో" అన్నావు. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఆ రోజు ముట్టుకున్నాను.

మొదట చక్రం వెనక్కి తిరిగింది. తర్వాత దారం ఉండ చుట్టుకుంది. టైలరుగారు తల పట్టుకున్నారు. మూడోసారి కళ్లు మూసుకుని, నువ్వు పక్కనున్నట్టే తొక్కాను. పొడుగు కుట్టు. ఆగాను. మూడు చిన్నవి. ఆగాను. ఆ నిశ్శబ్దంలో రెక్కల చప్పుడు వినబడింది. కళ్లు తెరిస్తే దొరగారు సూది పక్కన నిలబడి, అలవాటుగా దారం కొస లాగుతున్నారు! మామ్మగారు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాణ్ణి పంజరంలో పెట్టి తలుపు వేశాక పన్నెండు మందిమీ ఒక్కసారి కేకలు పెట్టాం. పద్నాలుగు "ఒరేయ్"లూ మాతో కలిశాయి.

దొరని పోగొట్టుకున్నాను. నీకు అబద్ధం రాశాను. మిషను ముట్టుకున్నాను. మొదటి రెండింటికీ ఎంత తిట్టినా పడతాను. మూడోదానికి మాత్రం కాస్త ఆలోచించి తిట్టు. ఆదివారం మధ్యాహ్నాలు వస్తే కుట్టు నేర్పుతానని టైలరుగారు అంటున్నారు. నా ఉద్యోగం ఎక్కడికీ పోదు. నీకు వచ్చిన పని నాకు రాకపోవడం ఇప్పుడు చిన్నతనంగా ఉంది. నువ్వు సరేనంటేనే వెళ్తాను.

ఆ రోజు కుట్టిన గుడ్డ ముక్క ఇందులో మడిచి పెట్టాను. చూసి నవ్వుకో, ఫరవాలేదు. నీ ఒత్తులు చూసి నేనూ నవ్వానుగా. తర్వాత మాత్రం తప్పులు దిద్ది పంపు. ఈ కాగితం మూల కొరికింది దొర. అది వాడి సంతకం.

ఇట్లు,
నీ మాట ఒక్కసారే దాటిన
నీ కూతురు