అక్క క్యాసెట్‌కి చీమ రాసిన సమీక్ష

ముక్కు మీద కోపమున్న మా మేనకోడలు పిల్లకి,

నీ ఉత్తరం చేరింది. మీ అమ్మ పాడిన ఒకే ఒక్క ఆల్బమ్‌ను కంపెనీవాళ్ళు ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ విడుదల చేస్తున్నారనీ, దాని మీద నిన్నే సమీక్ష రాయమని వారపత్రికవాళ్ళు అడిగారనీ రాశావు. "కూతురిగానూ రాయాలి, విమర్శకురాలిగానూ రాయాలి. రెండూ ఒకే కలంతో ఎలా మావయ్యా?" అని అడిగావు. ఎనిమిదో తరగతిలోనే చదువుకి దండం పెట్టి, టేపురికార్డర్లు విప్పుకుంటూ బతికినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? మీ నాన్న గురకను రికార్డు చేసి, ఆయన ఆఫీసు విందులో అందరికీ వినిపించిన ఘనుణ్ణి నేను. ఆయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. మా ఇద్దరికీ బాగా పడింది ఆ ఒక్క ఏడాదే.

అయినా అడిగావు కనుక చెబుతాను. ఆల్బమ్‌ను మూడుసార్లు విను. మొదటిసారి అంట్లు తోముకుంటూ విను. ఏ పాట దగ్గర చెయ్యి ఆగిందో గుర్తుపెట్టుకో. రెండోసారి పని మానేసి విను. మూడోసారి నీకు నచ్చనిదాన్నే విను, తప్పు పాటదో, ఆ రోజు నీకున్న తలనొప్పిదో తేలిపోతుంది. అద్భుతం, అమోఘం అని రాయకు. అవి సన్మానపత్రాల మాటలు. ఏ పాటలో ఏ మాట దగ్గర నీ గొంతుకి ఏం అడ్డుపడిందో రాయి. పాడింది మీ అమ్మేనన్న సంగతి దాచకు. అది ముందే చెప్పేసి, తాళం తప్పినచోట తప్పిందనే రాయి. చుట్టరికం దాచి పొగిడితే మోసం. దాచి తిడితే అంతకన్నా మోసం.

ఈ చివరి ముక్క నాకెలా తెలుసంటావా? కాస్త కూర్చుని చదువు.

ఆ రోజుల్లో అదే పత్రికలో 'చీమ' అనే పేరుతో పాటల క్యాసెట్ల మీద ఎవరో రాసేవారు. ఆ చీమను నేనే. ఎడిటరుకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన రేడియో బాగుచేస్తూ నేను విసిరిన వెటకారాలు విని, "అవే కాగితం మీద పెట్టివ్వవయ్యా" అన్నాడు. పెట్టిచ్చాను. చదివినవాళ్ళు నవ్వేవాళ్ళు. కుట్టించుకున్నవాళ్ళు ఏం చేసేవాళ్ళో నేను చూడలేదు.

నాకొక పద్ధతి ఉండేది. బాగుచేసిన మెషీన్‌లో ఏదో ఒక క్యాసెట్ పెట్టి పరీక్ష చెయ్యాలి కదా, సమీక్షకి వచ్చిన క్యాసెట్‌నే పెట్టేవాణ్ణి. ఒక దెబ్బకు రెండు పిట్టలు. అక్క క్యాసెట్ వచ్చిన రోజు బల్ల మీద దర్జీగారి టేపురికార్డరు ఉంది. పాత బెల్టు తెగిపోతే అప్పుడే కొత్తది వేశాను. పాట పెట్టాను. గొంతు బరువుగా, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఇంట్లో నేను విన్న గొంతు ఇది కాదే అనిపించింది. అనిపించినా, నా రిపేరు మీదున్న నమ్మకం నాకు అక్క గొంతు మీద లేకపోయింది. పైగా రేపు నిజం బయటపడితే, తమ్ముడు కాబట్టి మెచ్చుకున్నాడంటారేమోనని ఇంకో గుప్పెడు కారం కూడా చల్లాను. "తడిసిన బొంతను తీగ మీదికి లాగుతున్నట్టుంది ఈ గొంతు. ప్రతి పాటా ఒక మెట్టు కిందే నడిచింది" అని రాశాను. "చివర్లో గాయనికే విసుగొచ్చి నిట్టూర్చింది, క్యాసెట్ మొత్తంలో శ్రుతిగా ఉన్నది అదొక్కటే" అని ముగించాను. రాసి, బల్ల మీద చరిచి మరీ నవ్వుకున్నాను.

మూడు నెలలకి దర్జీగారు ఆ టేపురికార్డరును చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఏమయ్యా, పని ఒత్తిడిలో ఇన్నాళ్ళూ దీని మొహమే చూడలేదు. నిన్న పెడితే ప్రతి పాటకీ జ్వరమొచ్చినట్టుంది. ఇదేం రిపేరు?" అన్నాడు. విప్పి చూశాను. నేను వేసిన బెల్టు ఒక సైజు పెద్దది. వదులై జారుతోంది, టేపు నెమ్మదిగా తిరుగుతోంది.

అప్పటికే కంపెనీవాళ్ళు రెండో ఆల్బమ్ అడిగితే, "నాకు తీరిక లేదండీ" అని అక్క పంపేసింది. హార్మోనియం పెట్టె మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పేర్చడం మొదలుపెట్టింది. తప్పు నాదని పత్రికలో నాలుగు వాక్యాలు రాస్తే సరిపోయేది. రాయలేదు. రాస్తే చీమ ఎవరో అక్కకి తెలిసిపోతుంది. ఊరందరి మీదా నోరు పారేసుకునేవాడికి ఆ నాలుగు వాక్యాల దగ్గర నోరు పెగల్లేదు.

ప్రతి ఆదివారం మీ ఇంటికి వచ్చేవాణ్ణి, నీకు గుర్తుండే ఉంటుంది. అక్క టీ గ్లాసు చేతికిచ్చి, "ఏరా, నాకేమైనా చెప్పాలా?" అనేది. "చెప్పాలి. టీలో చక్కెర మర్చిపోయావు" అనేవాణ్ణి. నవ్వేది. ఇరవై ఏళ్ళకు పైగా అదే మాట, అదే జవాబు. పోయిన ఏడు అడిగే మనిషే పోయింది.

నువ్వు రాసేదాంట్లో నా సంగతి కూడా రాసెయ్. ఇకమీదట నన్ను మావయ్యా అని పిలవకపోయినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
చెప్పకుండా దాక్కున్న నీ మావయ్య

*

బంగారు తల్లీ,

తిడతావనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అమ్మ కుట్టుసామాను డబ్బాలో ఇది దొరికింది. ఇందులో 'వాడు' అంటే ఎవరో ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు. ఇది నీది మావయ్యా" అని మూడు వాక్యాలు రాసి, ఆ కాగితం ముక్క జతచేశావు.

పత్రికలోంచి కత్తిరించిన నా సమీక్ష అది. బడిపిల్లల నోటుపుస్తకాలు దిద్దే ఎర్ర పెన్సిల్‌తో అక్క 'తడిసిన బొంత' కింద గీత గీసింది. అప్పుడు గుర్తొచ్చిందే నాకు. చిన్నప్పుడు అక్క పొద్దున్నే సాధన చేస్తుంటే, పక్క మంచంలోంచి నేను, "అమ్మా, ఇది మళ్ళీ తడిసిన బొంత ఆరేస్తోందే" అని గోల చేసేవాణ్ణి. పేరు మార్చుకుని, సొంత నోటిని అచ్చేయించుకున్న తెలివి నాది. చదివిన క్షణంలోనే అక్క పట్టేసి ఉంటుంది.

కాగితం అంచున ఆమె రాసింది ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "హార్మోనియం పక్కన పెట్టుకునే పాడాను. అన్ని పాటలూ సరిగ్గా ఒక్క మెట్టే ఎలా తగ్గుతాయి? వాడి మెషీన్ నెమ్మదిగా తిరుగుతోంది. వాడికి చెప్పాలి." ఆ చివరి రెండు మాటలూ కొట్టేసి ఉన్నాయి. కింద ఇంకో వాక్యం. "వాడే చెప్తాడు."

ఆదివారాలన్నీ ఆమె అడిగింది ఇదేనే తల్లీ. నేను చక్కెర గురించి చెప్పాను. గొంతు మీద అనుమానంతో ఆమె పాట మానలేదని ఇప్పుడు తెలిసింది. మరెందుకు మానిందో కూడా తెలిసింది. కుట్టింది సొంత తమ్ముడే అని.

నిన్న నా మెషీన్ విప్పి, సరైన బెల్టు వేసి, వేగం రెండుసార్లు సరిచూసుకుని అక్క క్యాసెట్ పెట్టాను. దర్జీగారు వచ్చి వెళ్ళాక దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. నీకు చెప్పినట్టే మూడుసార్లు విన్నాను. మూడో పాట రెండో చరణంలో తాళం జారింది. అది మెషీన్ తప్పు కాదు, ఆమెదే. మొహమాటపడకుండా రాయి, ఆమె కూడా ఎర్ర పెన్సిల్‌తో గీసేదే. చివరి పాట అయ్యాక ఆ నిట్టూర్పు కోసం చెవి ఆనించి విన్నాను. అది నిట్టూర్పు కాదు. పాట తను అనుకున్నట్టే వచ్చిందని తెలిసి, ఊపిరిలో ఊపిరిగా నవ్విన చిన్న నవ్వు. ఆదివారాలు టీ గ్లాసిచ్చి నవ్విన నవ్వులో ఇది లేదు. ఆ తేడా నాకు ఇప్పుడు వినబడుతోంది.

నీ సమీక్ష కింద ఈ నాలుగు ముక్కలూ వేయించు. సంతకం దగ్గర చీమ అని వెయ్యనివ్వకు.

"ఈ ఆల్బమ్ గురించి ఇరవై రెండేళ్ళ కిందట ఈ పత్రికలో నేను రాసింది తప్పు. నేను వేసిన బెల్టు వదులైంది, ఆ నింద గొంతు మీద వేశాను. మూడు నెలల్లోనే సంగతి తెలిసి కూడా చెప్పలేదు. అక్కా, నీకు చెప్పాల్సింది ఇదే.
తమ్ముడు"