రూత్ గౌన్ల మడత

1939 జూన్. అమీర్‌పేట.

పంజాగుట్టలో దవాఖానా నడిపే జర్మనీ డాక్టర్‌సాబ్ పొద్దున మా కుట్టు దుకాణానికి వచ్చాడు. ఆయన మేనకోడలు రూత్ కోసం కుట్టిన రెండు గౌన్లు అప్పటికే ఇస్త్రీ చేసి పెట్టాను. ఆదికి పిల్ల పాత గౌను ఏదీ లేదు, ఫొటో ఒక్కటే ఉంది. మా బిడ్డ లక్ష్మి ఈడే కనుక లక్ష్మిని నిలబెట్టి కొలతలు తీసి కత్తిరించాను.

ఆయన గౌన్లు ముట్టుకోలేదు. జర్మనీ నుంచి ఆయన అక్కా, పిల్లా ఎక్కిన ఓడను దారిలో ఏదో దేశపు రేవులో ఆపేశారట. యూదులకు అనుమతి లేదన్నారట. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చారో అక్కడికే ఓడ మళ్లిపోయిందట. ఒక పసిపిల్ల దిగితే ఏ దేశం కుంగిపోతుంది?

"వేరేటోళ్లకు ఇచ్చెయ్యమంటరా సాబ్?" అని అడిగాను. అలా అడగడం నా బుద్ధితక్కువ.

"వద్దు భాయ్," అన్నాడు, రోగుల దగ్గర నేర్చుకున్న మన మాటల్లోనే. "ఉంచు. మీ లక్ష్మి పెరిగినప్పుడల్లా గవి సుత జర పొడుగు చెయ్యి. రూత్ వస్తది."

ఇంటికొచ్చి చెబితే లక్ష్మి వాళ్లమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. "అప్పటిదాంక గా పిల్ల..." అని ఆగిపోయింది.

గౌన్ల అంచులు విప్పి, మిగిలిన బట్ట జతచేసి లోపలికి మడిచి మళ్లీ కుట్టాను. లక్ష్మికైతే రెండేళ్లకు సరిపోతుంది. ఇన్నాళ్లూ బిడ్డ ఎదుగుతుంటే మురిసిపోయేవాణ్ణి. ఇకమీద దాని గౌను పొట్టిదైనప్పుడల్లా, రూత్ గౌను మడత విప్పాలంటే, ఆ పిల్ల ఇంకా రాలేదనే గుర్తుకొస్తుంది.