రెండు సర్వర్ల మధ్య చేతి బట్వాడా

చిరంజీవి అమ్మాయికి, మావయ్య దీవెనలు.

నా ఫోన్లో పెట్టిచ్చావే, కుట్టుపని చేసేవాళ్ళ కోసం నువ్వు నడిపే చర్చల సర్వర్ 'సూదిమొన', రోజూ చూస్తున్నాను. ముప్ఫై ఒక్కేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఏ ఊరివి ఆ ఊరి గూట్లో వేసినవాణ్ణి. రిటైరయ్యాక చేతులు ఊరుకోవడం లేదు. పోయినవారం వంటింట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దాను. నన్ను దీంట్లో చేర్చమని మీ అత్తయ్యే నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందని ఇవాళ తెలిసింది.

అత్తయ్య కుట్టుమిషన్ ఊరికే దారం తెంపుతోందని నీ సర్వర్లో అడిగాను. 'పాత జవాబులు చదువుకోండి' అని ఒక్క ముక్కలో తోసిపారేశావు. నేనని తెలిసే అన్నావా?

ఇంకో సంగతి. 'కుట్టుమిషన్ల రిపేరు' అనే చర్చ నీ దగ్గరా ఉంది, 'రెండో కుట్టు' అనే ఇంకో సర్వర్లోనూ ఉందట. అదెంత వెతికినా నాకు రాదు. ఒకే పేరుతో రెండెందుకు, అందులో ఒకటి కనబడకపోవడమెందుకు?

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోన్లో మెసేజి పెట్టకు. ఉత్తరమైతే నువ్వు కోపంగా ఉన్నావో లేదో రాతలో తెలుస్తుంది.

---

మావయ్యకి నమస్కారాలు.

మీరని తెలిసే అన్నాను. అందరికీ ఒకటే మాట.

ఇక్కడ అందరి నెత్తిన కూర్చునే పెద్ద కంపెనీ ఏదీ లేదు మావయ్యా. ఎవరి సర్వర్ వాళ్ళది. నాదైతే నా టైలరింగ్ షాపులో ఇస్త్రీ బల్ల కింద ఉన్న పాత కంప్యూటర్. ఊరికో తపాలా ఆఫీసు ఉన్నట్టనుకోండి. మీ అకౌంట్ నా దగ్గరున్నా, చర్చ పేరూ, పక్కనే దాని సర్వర్ పేరూ రాసి వెతికితే బయటివి కూడా వస్తాయి. అక్కడివాళ్ళకి ఇక్కణ్ణుంచే జవాబివ్వచ్చు. ఒకే పేరుతో పది చర్చలుంటాయి. నాలుగు రోజులు చూసి, మనుషులు నచ్చినచోట చేరడమే.

'రెండో కుట్టు' ఒక్కటే రాదు. దానికీ నాకూ మధ్య దారి నేనే తెంచేశాను. దాన్ని నడిపేది ఎవరో మీకు తెలుసు. ఎనిమిదేళ్ళు నా పక్క మిషన్ మీద కూర్చుని కుట్టిన మనిషి. సర్వర్ కూడా ఇద్దరం కలిసే పెట్టాం. జనం అడిగిందే అడుగుతుంటే పాత జవాబు చూసుకోమంటాను నేను. అదేమో వందోసారి కూడా ఓపిగ్గా చెబుతుంది. దాని మీద మాటా మాటా పెరిగింది. సగంమందిని వెంటబెట్టుకుపోయి వేరే సర్వర్ పెట్టుకుంది. తొమ్మిది నెలలుగా మాటల్లేవు. షాపులో దాని మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాను. తీసేద్దామంటే చెయ్యి రావడం లేదు. ఇది ఎవరికీ చెప్పకండి.

మీ మేనకోడలు

తా.క. దారం తెగుతోందంటే సూది తిరగేసి పెట్టి ఉంటారు. ఇది వందోసారి చెప్పడం.

---

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

సూది తిరగేసే ఉంది. పెట్టింది నేనే. మిషన్ ఇప్పుడు బాగానే నడుస్తోంది.

దారి తెంచేశానని ఎంత తేలిగ్గా రాశావు. మా రోజుల్లో వంతెన కొట్టుకుపోతే సంచి నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్ళలో అవతలికి వెళ్ళాం. చిరునామా ఉన్న కాగితం చేరకుండా ఆగిపోయిందంటే నాకు అన్నం సయించదు. అందుకని రెండో కుట్టులో కూడా ఒక అకౌంట్ తెరిచాను. అక్కడ జవాబు దొరకని ప్రశ్నలు తెచ్చి మీ దగ్గర వేస్తున్నాను. మీవాళ్ళు రాసినవి అక్కడ వేస్తున్నాను. రాసినవారి పేరు, తేదీ, గంటా నిమిషాలతో సహా. వారంలో నలభై మూడు బట్వాడా అయ్యాయి. మీ అత్తయ్య కూడా సంతోషంగా ఉంది, వంటింటి వైపు వెళ్ళడం లేదని.

ఇట్లు,
మావయ్య

తా.క. 'ఆ సూదిమొన ఆవిడకి మనుషులతో మాట్లాడ్డం రాదు' అని అక్కడెవరో రాశారు. అది కూడా తెచ్చి మీ దగ్గర వేశాను. ఉత్తరం మధ్యలో దాచుకునే అలవాటు నాకు లేదు.

---

మావయ్యకి,

నమస్కారాలు కోపం తగ్గాక పెడతాను.

మీ పుణ్యమా అని మా దగ్గర పెద్ద గొడవైంది. కింద మీరు రాసిన పేరు ఎవరూ చూడలేదు. ఆ మాట పైన మీ పేరుండటంతో సొంత మావయ్యే తిట్టాడని అందరూ నా మీద జాలిపడుతున్నారు. పన్నెండుమంది సర్వర్ వదిలిపోయారు. ఇలాగే పోతే కొన్నాళ్ళకి ఇస్త్రీ బల్ల కింద నేనూ ఆ కంప్యూటరూ మిగులుతాం.

పైగా 'దానికి మిషన్ ముట్టుకోవడం నేర్పిందే నేను' అని ఏదో మంటలో మావాళ్ళ దగ్గర అన్నాను. అది కూడా మోసుకెళ్ళి దాని గుమ్మంలో వేశారా? ఇంకొక్కటి ఇటు తెచ్చినా, అటు తీసుకెళ్ళినా మీ అకౌంట్ తీసేస్తాను. మావయ్య అని కూడా చూడను.

మీ మేనకోడలు

తా.క. అది చదివి ఏమంది?

---

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

ఏమందో చెప్పడం కూడా బట్వాడా కిందికే వస్తుంది. నువ్వు వద్దన్నావు కనక చెప్పను. నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ అమ్మాయి దగ్గర్నుంచి కూడా ఒకటొచ్చింది. అచ్చం నీలాగే ఇంకొక్కటి తెస్తే తీసేస్తానంది. తా.క. కూడా అదే.

అయితే ఒకటి మాత్రం నా గూట్లో ఉంచుకోలేను. రెండో కుట్టులో ఆ అమ్మాయి ప్రతి సోమవారం నీ పేరు పెట్టి ఒక ప్రశ్న రాస్తోంది. నువ్వు దారి తెంచావు గనక నీకు చేరదు. ముప్ఫై ఆరు సోమవారాలు, ముప్ఫై ఆరుసార్లు, ఒకటే ప్రశ్న: 'నా మిషన్ ఉంచావా, తీసేశావా?'

జవాబు నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. అడిగిందే అడిగితే నీకు చిరాకని తెలుసు తల్లీ. దీనికి చూసుకోమందామంటే పాత జవాబు లేదు.

ముప్ఫై ఆరూ చేత్తో రాసి ఈ కవర్లో పెట్టాను. సర్వర్ మీద రాలేదు కాబట్టి నీ నిబంధన తప్పలేదు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఒక్కసారి రాసి 'ముప్ఫై ఆరుసార్లు' అంటే సరిపోయేది కదా అంది అత్తయ్య. ఆవిడెప్పుడూ తపాలాలో పనిచెయ్యలేదు.

---

మావయ్యకి ఇద్దరి నమస్కారాలు.

ఇద్దరని ఎందుకన్నానంటే, తను పక్కనే కూర్చుని ఉంది. మీ కవరు విప్పి పదో కాగితం దాకా చదివాను. ఆ తర్వాత అక్షరాలు కనబడలేదు. షాపు మూసి తిన్నగా వాళ్ళింటికెళ్ళి, తలుపు తియ్యగానే 'ఉంది' అన్నాను. ముందు పావుగంట తిట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని షాపుకొచ్చి, మిషన్‌కి నూనె కూడా వెయ్యలేదేమని మళ్ళీ తిట్టింది. ఆ సాయంత్రమే రెండు సర్వర్ల మధ్య దారి తెరిచాం. మీరు లేకపోతే నేను చచ్చినా వెళ్ళేదాన్ని కాదు మావయ్యా.

ఇప్పుడు రెండు వైపులా రాసేవి వాటంతటవే చేరుతున్నాయి. ఆ సంగతి మీకు సర్వర్లోనే నాలుగుసార్లు చెప్పాం. అయినా మీ బట్వాడా ఆగలేదు. అసలుదొకటీ, మీరు అటొకటి ఇటొకటి వేసినవీ కలిపి, ప్రతి ప్రశ్నా అందరికీ మూడేసిసార్లు కనబడుతోంది. ఒక కాపీ ఎక్కువుంటే నష్టమేంటి అని మీరు రాసిన జవాబు కూడా మూడుసార్లు వచ్చింది.

అందుకని ఇద్దరం కూర్చుని, తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి ఒక్క మాట మీదకి వచ్చాం. మిమ్మల్ని రెండు సర్వర్లలోంచీ తీసేశాం. అత్తయ్య వద్దని ఎంతో బతిమాలింది, మేం వినలేదు.

మీ మేనకోడలు

తా.క. ఇది నా చేతిరాత మావయ్యగారూ, పక్కనున్నదాన్ని. మీ తరఫున నేను చాలా మాట్లాడాను. తనే ఒప్పుకోలేదు.

ఇంకో తా.క. మళ్ళీ నేనే. అబద్ధం. తీసేద్దామని ముందు అంది తనే.