నువ్వు కడగని రేడియేటర్

మచిలీపట్నం,
18-6-2004, శుక్రవారం.

గుడివాడలో ట్రాక్టర్ రేడియేటర్ల వైద్యులు శ్రీ నాగభూషణరావు గారి సముఖానికి,

వెంకటరమణ నమస్కారాలు. ఇక్కడ అమ్మ, సరస్వతి, నేను క్షేమం. అక్కడ నువ్వూ అన్నపూర్ణా క్షేమమని నీ నోటి వెంట విని పంతొమ్మిది రోజులైంది. ముప్పై ఏళ్ళలో నిన్ను గారు అని పిలవడం ఇదే మొదటిసారి. మర్యాద అనుకునేవు, కోపం.

ఫోన్ చేస్తే అన్నపూర్ణ ప్రతిసారీ ఆయన షాపులో ఉన్నారన్నయ్యగారూ అంటుంది. షాపుకి చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. బస్సెక్కితే గుడివాడ ఎంతసేపు? కానీ నేనెందుకు రావాలి? మాడిపోయింది నా కంప్యూటరు. అందుకే ఈ ఉత్తరం.

ఏడాదిన్నర భూషణం. కాలేజీలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పి ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా ఆ పెట్టె ముందు కూర్చున్న రోజులు ఏడాదిన్నర. ఎండాకాలం వస్తే ప్రాసెసర్ డెబ్భై డిగ్రీలు దాటేది, ఫ్యాను పిండిమర లాగా మోగేది. ఎక్కడో విదేశాల్లో జనం కంప్యూటర్ని నీళ్ళతో చల్లబరుస్తున్నారని ఇంటర్నెట్‌లో చదివి నీకు చెబితే, అదేముంది, ట్రాక్టర్‌కి చేసేది కూడా అదేగా అన్నావు. నన్ను ఈ పిచ్చిలోకి దించింది ఆ ఒక్క మాట.

మొదటిసారి గిలకలదిండి చేపల రేవు నుంచి ఐసు తెచ్చి నీళ్ళ డబ్బాలో వేసింది నేనే, ఒప్పుకుంటాను. ఆ చల్లదనానికి మదర్‌బోర్డు చెమట పట్టి చచ్చింది. వారం రోజులు గదంతా చేపల వాసన. సరస్వతి ఆ గదిలోకి రావడం అప్పుడే మానేసింది, ఇప్పటికీ గుమ్మంలోంచే కాఫీ అందిస్తుంది. కొత్త బోర్డు కోసం తన కుట్టుమిషను కొనుక్కునే మాట వాయిదా వేసుకుందని నీకు చెప్పలేదు. ఆవిడ కూడా మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తర్వాత మనం పడ్డ పాట్లు నీకు తెలియనివా? తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు తెచ్చాం. ఎయిర్ కూలర్‌లోని పంపు పీకాం. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే గంగన్న చేత, ప్రాసెసర్ మీద కూర్చోడానికి రాగి దిమ్మ చేయించాం. లోపల నీళ్ళు తిరిగే గాళ్ళు దువ్వెన పళ్ళంత సన్నంగా చెక్కి, ఇది ఏ అమ్మవారి మెడలోకండీ అని అడిగాడు. నువ్వు పాత కారులోంచి చిన్న రేడియేటర్ తీసి, ఆసిడ్‌తో శుభ్రం చేసి తెచ్చావు. నీ షాపులోని ఆకుపచ్చ కూలెంటే కలిపాం. పెట్టెలో సరిపోక పైపు మూడు చుట్లు చుట్టి బిగిస్తే, అమ్మ వచ్చి చూసి చేతులు జోడించింది. మనిద్దరం ఎంత నవ్వామో.

ఏప్రిల్ పంతొమ్మిదిన స్విచ్ వేశాం. నలభై నాలుగు డిగ్రీలు. చప్పుడు లేదు. చెవి దగ్గర పెడితే పంటకాలవలో నీళ్ళు కదిలినట్టు చిన్న అలికిడి. నువ్వు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, చెమటని అబద్ధమాడావు. నాకూ కళ్ళు చెమర్చాయి. నా చేత్తో చేసింది ఒకటి ఈ భూమ్మీద సరిగ్గా నడవడం అదే మొదలు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినరోజు కూడా నాకంత సంతోషం లేదు.

నలభై రోజులు నడిచింది. మండుటెండల్లో కూడా డబ్బాలో నీళ్ళు గీత కిందికి దిగలేదు. మూత నేను అంత గట్టిగా బిగించానని స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు పోయాను. నీళ్ళ రంగు కొంచెం పాలిపోయింది గానీ, నీ కూలెంట్ నాసిరకమనుకున్నాను.

ఆ గొప్పలు విని మే ముప్పైన కాంతారావు గారు ఇంకో ముగ్గురు లెక్చరర్లని వెంటబెట్టుకుని వచ్చారు. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే దిగావు. నేను ఉపన్యాసం మొదలుపెట్టిన పది నిమిషాలకి తెర నల్లబడింది. వాసన. మాడు వాసన. రాగి దిమ్మ విప్పితే గంగన్న చెక్కిన గాళ్ళనిండా తెల్లటి ముద్ద, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి కంపు. రేడియేటర్‌లో కడగకుండా మిగిలిన ఆసిడ్ కాక ఇంకేమిటి?

నేను అరిచాను. ట్రాక్టర్లు కడుక్కునేవాణ్ణి కంప్యూటర్ దగ్గరికి రానివ్వడం నా బుద్ధితక్కువ అన్నాను. వాళ్ళందరూ విన్నారు, నాకు తెలుసు. ఆ మాట తప్పే. కానీ నువ్వేం చేశావు? మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళావు. వచ్చి తల దించుకుని, నాదే పొరపాటు రమణా, కడగలేదనుకుంటా అన్నావు. నీ వల్ల తప్పు జరిగిందంటే షాపులో రైతులతో గంటలు గంటలు వాదించే మనిషివి. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకే నాకు ఒళ్ళు మండింది. నా ఏడాదిన్నర కష్టం నీకు రెండు బిందెల నీళ్ళు పోసి కడిగేపాటి కూడా చెయ్యలేదా అనిపించింది.

కాబట్టి సూటిగా రాస్తున్నాను. కడగకపోతే, ఎందుకు కడగలేదో నా మొహాన చెప్పు. కడిగి ఉంటే, ఎందుకు ఒప్పుకున్నావో చెప్పు. రెండింటిలో ఏదీ చెప్పకపోతే ఆ రేడియేటర్ లారీ పార్సిల్లో నీ షాపుకి వస్తుంది. దాంతో మన ముప్పై ఏళ్ళూ సరి.

ఇట్లు,
నీవాడో కాదో నువ్వే తేల్చవలసిన
వెంకటరమణ

తా.క. 20వ తేదీ, ఆదివారం.

ఈ ఉత్తరం రెండు రోజులు జేబులోనే ఉంది. ఈ పొద్దున అమ్మ పూజ ముగించి నా దగ్గరికి వచ్చి, మళ్ళీ ఆ మిషను ఎప్పుడు కడతావురా, భూషణం రావట్లేదేం అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పుకుపోయింది. పాములా చుట్టలు చుట్టుకున్న ఆ పైపులు చూస్తే స్వామే వచ్చి కూర్చున్నట్టుండేదట. మోపిదేవి నుంచి తెచ్చుకున్న మన సుబ్రహ్మణ్యస్వామి విగ్రహానికి రోజూ అభిషేకం చేసిన పాలు, నేను కాలేజీకి వెళ్ళాక మూత తీసి ఒక్క ఉద్ధరిణెడు ఆ డబ్బాలో పోసేదట. నా మూత గట్టిదనం అదన్నమాట.

ఆ రోజు వంటింట్లో నిన్నే అడిగిందట. రోజూ స్వామి పాలు పోస్తూనే ఉన్నాను గదా నాయనా, అయినా చెడిపోయిందేమని. నువ్వు ముంచుకున్న గ్లాసు కింద పెట్టేశావట. తర్వాత, ఆ పాల వల్లే ఇన్నాళ్ళయినా ఆగింది పిన్నిగారూ, లేకపోతే ఎప్పుడో పోయేది, తప్పు నా రేడియేటర్‌ది, ఈ పాల మాట మాత్రం రమణకి చెప్పకండి, దేవుడి సంగతంటే ఎగతాళి చేస్తాడు అన్నావట. మంచినీళ్ళు మాత్రం తాగలేదట.

పై ఉత్తరం చింపబోయి ఆగాను. అలాగే పంపుతున్నాను. అందులో నేనెలాంటి వాణ్ణో ఉంది, అది నీ దగ్గరే ఉండాలి.

మధ్యాహ్నం ఎండలో కాంతారావు గారింటికీ, మిగతా ముగ్గురిళ్ళకీ వెళ్ళొచ్చాను. రేడియేటర్ అద్దంలా ఉంది, పొరపాటు నా ఇంట్లో జరిగింది, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒక్కొక్కరికీ చెప్పాను. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి గుడివాడ వస్తున్నాను. షాపు తలుపు వెయ్యకు.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. అదంతా విని నేను ఆ డబ్బా మూత తీసి చూస్తుంటే అమ్మ భయపడి, నా పాల వల్ల కాదు గదరా అని అడిగింది. కాదమ్మా, భూషణం కడగలేదు అన్నాను. మా ఇంట్లో ఈ తప్పు నీ పేరు మీదే ఉంటుంది భూషణం. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మొయ్యి.