పాల మరియమ్మ గోడ

ఏప్రిల్ 29, 1984, ఆదివారం

నా బంగారు చెల్లి ఆర్జియాకు,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? సముద్రపు గాలికి వాపు తగ్గిందని ఈస్టర్ కార్డులో రాశావు. నన్ను కంగారు పెట్టకూడదని అలా రాశావేమోనని ఆ కార్డు వచ్చినప్పటి నుంచీ నాకు కంగారుగానే ఉంది. అల్లుడు జీనో కడుపులో పుండు మానిందా? రేవులో పనిచేసేవాళ్ళు వేళకు తినరు, చెప్పినా వినరు. మీ అమ్మాయి లోరెదానా రక్తపోటు చూపించుకుందా? దాని చిన్నది సాబీనాకు దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఛాతీకి వెచ్చటి ఆలివ్ నూనె రాసి ఉన్నిగుడ్డ కట్టమను. పంజరంలో పిట్ట ఈకలు రాలుస్తోందన్నావు, అది బతికే ఉందా? నేను బాగానే ఉన్నాను. రాత్రిళ్ళు ఎడమ పక్కన ఏదో గుచ్చుతుంది, డాక్టరేమో గాలి అంటాడు. గాలే అయ్యుంటుంది.

ఆర్జియా, ఈ ఉత్తరం ఇక్కడి నుంచి లోరెదానా చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు. నా రాత నీకు తెలిసిందే కదా, మూడో తరగతితో ఆగిన రాత. మెల్లగా కూడబలుక్కో.

మొన్న గురువారం పెరూజా నుంచి పిల్లల బస్సు వచ్చింది. ఏటా వసంతంలో వచ్చే బడిపిల్లలే, పదిహేడేళ్ళవాళ్ళు ఇరవై మంది, వాళ్ళ టీచరమ్మ ఒరియెట్టా. పాత బొమ్మలు, పాత కథలు చూసుకుంటూ నాలుగు రోజులు తిరుగుతారట. ముందు రోజు సాయంత్రమే గుడి ఊడ్చి, తాళంచెవికి నూనె రాసి పెట్టాను. తెల్లారేదాకా నిద్ర లేదు. బస్సు ఆ మలుపు తిరగలేక లోయలో పడితే? పిల్లలెవరైనా మెట్ల మీద జారితే? ఏమీ కాలేదు. క్షేమంగా వచ్చారు, గోల చేసుకుంటూ.

తుల్లియో అని ఒక పొడుగు కుర్రాడు గోడ మీద బిడ్డకు పాలిస్తున్న మన పాల మరియమ్మ బొమ్మ ముందు నిలబడి, "ఈవిడ కూడా నిన్న మన హోటల్లోనే తిన్నట్టుందిరా, మొహం ఎలా పాలిపోయిందో చూడు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. టీచరమ్మ వాడి చెవి పట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది, గుడిలో నవ్వానే అని వెంటనే భయం కూడా వేసింది.

"మామ్మగారూ, ఆ రొమ్ము దగ్గర గోడంతా గీకేసి ఉందేమిటి?" అని అడిగింది టీచరమ్మ.

నలభై ఏళ్ళుగా చెప్పే మాటే చెప్పాను. "యుద్ధంలో సిపాయిలు చేశారమ్మా, తుపాకి కత్తులతో." పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. ప్రతి ఏడూ రాసుకుంటారు.

నొయేమీ అని ఒక బక్కపిల్ల మాత్రం రాసుకోలేదు. గోడకు దగ్గరగా వెళ్ళి చూసింది. "మేడం, ఇది తుపాకి కత్తి గీత కాదు. చిన్న చాకుది. మా నాన్నమ్మ ఊళ్ళో కూడా పాలు పడని ఆడవాళ్ళు మరియమ్మ గోడ గీకి, ఆ సున్నం నీళ్ళలో కలుపుకుని తాగేవాళ్ళట" అంది.

"నువ్వు చెప్పేది పాదాల కింద గోడ సంగతే" అన్నాను నేను. "బొమ్మను ఎవరూ ముట్టుకోరు. అది పాపం."

"అదే మంచిది మామ్మా" అంది ఆ పిల్ల. "ఒట్టి సున్నం తాగినా పెద్ద ప్రమాదం లేదు. కానీ చూడండి, మేలిముసుగు మీద ఈ నల్లమచ్చలు. ఇవి మొదట తెల్లగా ఉండేవి. సీసంతో చేసిన తెల్లరంగు గోడ మీద వేస్తే కొన్నాళ్ళకు ఇలా నల్లబడుతుంది. సీసం విషం. పెద్దవాళ్ళకే పడదు, ఇక పసిపిల్లలకు చెప్పాలా! ఈ బొమ్మ మీది రంగు ఎవరూ తాగలేదనే అనుకుందాం."

తరవాత వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. తుల్లియో వచ్చి నా చేతిలో తాళంచెవి తీసుకుని తనే తలుపు వేశాడు. "మామ్మా, తలుపు వేయడం మరిచిపోయారు, వయసా?" అన్నాడు. వయసే అన్నాను.

ఆర్జియా, ఇప్పుడు చెబుతున్నాను. ఆ చలికాలం జర్మన్లు మన ఆవును తోలుకుపోయాక, నీ కొడుకు సెల్మో పుట్టి పదకొండు రోజులైనా నీకు పాలు పడలేదు, పంచదార నీళ్ళతోనే నెట్టుకొచ్చాం. నేను మూడు పొద్దులు గుడికి వెళ్ళి పాదాల కింద సున్నం గీకి తెచ్చి ఇచ్చాను, అమ్మ చెప్పినట్టే. చుక్క రాలేదు. బిడ్డ ఏడవడం కూడా మానేశాడు. నాకు మతిపోయింది. పాదాల దగ్గర ఏముంటుంది, పాలు ఉన్న చోటే పాలుంటాయి అనుకున్నాను. నాలుగో పొద్దున రొట్టె కోసే చాకుతో మరియమ్మ రొమ్మే గీకాను. తెల్లగా రాలింది, అక్కడక్కడ నల్లగా కూడా. గుప్పెడు తెచ్చాను. బీన్స్ ఉడికించిన నీళ్ళలో కలిపి నీకిచ్చాను. పాదాల దగ్గరదే అని అబద్ధం చెప్పాను. నేను గీకడం మొదలుపెట్టిన ఆరో రోజుకు సెల్మో పోయాడు.

ఇన్నాళ్ళూ నేను భయపడింది దేవుడికి, బొమ్మను ముట్టుకున్నందుకు. ఇప్పుడు వేరే భయం. నీ చేత నేను తాగించిందే నీ పాలలోకి వెళ్ళిందేమో. నీకు పాలు పడలేదు, నిజమే, కానీ రెండు మూడు చుక్కలు వచ్చాయని ఆ రోజు అన్నావు. ఆ రెండు మూడు చుక్కలే చాలేమో.

క్షమించమని అడగను. నీకు తెలియకుండా నేను చచ్చిపోతే ఎలాగన్న భయంతో రాస్తున్నాను.

నీ పాపిష్టి అక్క
జెలిండా

*

మే 13, 1984, ఆదివారం

ఆర్జియా తల్లీ,

నీ ఉత్తరం అందింది. మధ్యాహ్నం పోస్టు మనిషి ఇచ్చాడు, గుమ్మంలోనే చదివాను, అక్కడే పైకి ఏడ్చేశాను. పక్కింటి అర్మీదా పరిగెత్తుకొచ్చి, "ఎవరు పోయారు జెలిండా?" అంది. "ఎవరూ పోలేదు, నీ పని చూసుకో" అన్నాను. ఆవిడ అలిగి వెళ్ళింది.

నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "అక్కా, అది నేను తాగలేదు. ఆ వాసనకే వాంతి వచ్చింది. నువ్వు పుల్లలకని బయటికి వెళ్ళగానే గుడ్డ అందులో ముంచి వాడి నోట్లో పిండాను. ఓపిక లేకపోయినా పెదాలు కదిపి చప్పరించాడు. చివరి రోజుల్లో వాడి కడుపులోకి వెళ్ళింది అదొక్కటే. నా బిడ్డ ఆకలితో పోలేదు, మరియమ్మ పాలు తాగి పోయాడు అనుకుంటూ నలభై ఏళ్ళు బతికాను. నాకు మిగిలింది అదే. ఇప్పుడు దాన్ని కూడా గీకేశావు."

నేను ఏం చేశాను ఆర్జియా? నా గుండె బరువు దించుకుందామని రాశాను. దించుకోవడానికి చోటు చూసుకోలేదు. తీసుకెళ్ళి నీ గుండె మీద పెట్టాను. రాసేముందు ఎవరినైనా అడగాల్సింది. ఎవరిని అడుగుతాను? ప్రతిదానికీ ముందుగా భయపడేదాన్ని, ఆ ఒక్కదానికి భయపడలేదు చూడు.

కింద ఇంకో మాట రాశావు. "నీ ఓదార్పులు నాకొద్దు. నువ్వు గీకిన చోట ఆ విషం ఉందో లేదో కనుక్కుని రాయి. ఉంది అనో, లేదు అనో. ఇంకేమీ రాయకు."

ఆ రాత్రే 'లేదు' అని రాసేద్దామనుకున్నాను. రెండక్షరాలు. కాగితం తీశాను కూడా. కానీ చిన్నప్పుడు గుడ్డు పగలగొట్టి పిల్లి మీద చెప్పినా నా మొహం చూసి పట్టేసేదానివి. నా రాత చూసినా పట్టేస్తావు.

నిన్న పొగాకు కొట్టుకు వెళ్ళి పెరూజాకు ఫోను చేయించాను. కొట్టతను నంబరు తిప్పి రిసీవరు నా చెవికి పెట్టి, తను వినకుండా బయటికెళ్ళి నిలబడ్డాడు, మంచివాడు. టీచరమ్మతో చెప్పాను, సిపాయిలు కాదమ్మా, నేనే అని. "అయ్యో మామ్మగారూ" అంది. "నాకు తెలిసిన పెద్దాయన ఉన్నారు, రంగులు పరీక్ష చేస్తారు. తీసుకొస్తాను" అంది.

అంతవరకూ తిను. సూపైనా తాగు. నా మీద కోపం ఉంటే ఉండనీ, తిండి మీద చూపించకు.

జెలిండా

*

జూన్ 3, 1984, ఆదివారం

చెల్లీ,

మొన్న శుక్రవారం వాళ్ళు వచ్చారు. టీచరమ్మ, పరీక్ష చేసే పెద్దాయన, ఆ నొయేమీ పిల్ల కూడా. పిల్లను ఎందుకు తెచ్చావమ్మా అని నేను అడగకముందే అది నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నేను ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సింది మామ్మా" అంది. "నీ నోరేం చేసిందే పిచ్చిపిల్లా, చేసింది నా చెయ్యి" అన్నాను. కాఫీ పెట్టాను, ఎవరూ తాగలేదు. కాఫీ బాగోలేదేమోనని ఒకటే దిగులు. అంతటి దిగులులో ఇదొకటి చూడు.

పెద్దాయన మంచి మనిషి. చిన్న గాజు పలకల మీద మచ్చల నుంచి గింజంత రాల్చి, సీసాలో చుక్కలు వేసి చూశాడు. మేలిముసుగు మీద సీసం ఉంది. బాలయేసు చొక్కా అంచున ఉంది. మరియమ్మ బుగ్గ మీద లేదు, అక్కడ ఒట్టి సున్నమే. మెడ మీద ఒక చోట ఉంది, ఇంకో చోట లేదు. ప్రతిసారీ ఆయన "ఉంది" అన్నా "లేదు" అన్నా నేను జపమాలలో ఒక పూస జరిపాను.

చివరికి రొమ్ము దగ్గరికి వచ్చాడు. కళ్ళకు అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. వెనక్కి తిరిగి ఆ అద్దం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, ఇక్కడ చూడటానికి ఏమీ లేదు" అన్నాడు.

"అంటే విషం లేదనేగా?" అన్నాను.

"కాదమ్మా. ఇక్కడ రంగే లేదు. మీరు రాయి దాకా గీకేశారు. ఒకప్పుడు ఇక్కడ ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు. పక్కన ఒక చోట ఉంది, ఒక చోట లేదు. ఇక్కడ ఉండొచ్చు, లేకపోవచ్చు."

"ఇంకేదైనా పెద్ద మిషను ఉంటుంది కదా, రోములో?" అన్నాను.

"రోములో ఉన్నా సరే. పరీక్ష చేయాల్సింది ఇక్కడ ఉండాలి కదా."

అది ఇక్కడ లేదు. అదెక్కడికి వెళ్ళిందో నీకూ నాకూ తెలుసు.

నేను టీచరమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలాను. "నువ్వు చదువుకున్నదానివి, బడి ముద్ర ఉన్న కాగితం మీద 'లేదు' అని రాసివ్వు తల్లీ. మా చెల్లెలికి అరవై నాలుగేళ్ళు. ఆ మాట పట్టుకుని ఇంకో నాలుగేళ్ళు బతుకుతుంది." ఆవిడ కలం తీసింది. నిజంగా తీసింది ఆర్జియా. కాసేపు కాగితం వైపు చూసి మళ్ళీ జేబులో పెట్టుకుంది. "ఏమీ మిగల్లేదు అని రాయగలను మామ్మగారూ. లేదు అని రాయలేను. మీరు కూడా రాయకండి" అంది.

వాళ్ళు వెళ్ళాక ఫాదర్ గారు వచ్చారు. గోడకు అద్దం బిగిస్తారట, ఇక ఎవరూ ముట్టుకోరు. తాళంచెవి ఇవ్వమన్నారు, ఇచ్చేశాను. "నీ మీద కోపం కాదు జెలిండా, అద్దం వచ్చాక కొత్త తాళం" అన్నారు. పిల్లల పుస్తకాల్లో సిపాయిల మాట కొట్టేసి ఒక తల్లి చేసింది అని రాస్తారట, టీచరమ్మ వెళ్ళేముందు చెప్పింది. తల్లి కాదు, తల్లికి అక్క అని దిద్దించాను. ఆ తప్పు కూడా నీ మీద పడకూడదు.

ఉంది అనో, లేదు అనో రాయమన్నావు. రెండూ రాయలేను. వాడు ఆకలితో పోయాడో, మన మరియమ్మ పాలు తాగి పోయాడో, నా చేతితో పోయాడో, నేను పోయాక కూడా తెలియదు. నీకూ తెలియదు. నీ దగ్గర ఉన్న ఆ ఒక్క మాటా తీసేసుకున్నాను, దాని బదులు ఇవ్వడానికి నా దగ్గర ఇంకో మాట లేదు. వెతికాను. ఇల్లంతా వెతికినట్టు నా బుర్రంతా వెతికాను.

నిన్న లోరెదానా పొగాకు కొట్టుకు ఫోను చేసింది. "పెద్దమ్మా, అమ్మ నాలుగు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుంది. నీ ఉత్తరాలు దిండు కింద పెట్టుకుంది, చూపించదు. ఏమైందో చెప్పదు. నువ్వు చెప్పు" అంది. చెప్పలేదు. నువ్వు దాచింది నేను చెప్పకూడదు. నేనే వస్తానంటే, "అమ్మ నిన్ను రావద్దంటోంది" అంది. వద్దనే అంటావు. నేనైనా అలాగే అంటాను.

అయినా వస్తాను. నన్ను లోపలికి రానివ్వకపోతే మెట్ల మీద కూర్చుంటాను. మాట్లాడించను. ఓదార్చను, ఒట్టు. నువ్వు గోడ వైపు తిరిగి పడుకుంటే నేను కుర్చీలో కూర్చుంటాను, అంతే. తెలియని ఆ సంగతి నీ ఒక్కదాని మంచం దగ్గర ఉండకూడదు. బస్సులో తల తిరుగుతుందేమోనని, మీ అంకోనాలో దారి తప్పుతానేమోనని ఇప్పటినుంచే భయం. జీనోను రేవు పని మానుకుని రమ్మనకు, అడిగి అడిగి వచ్చేస్తాను. ఈ నెల పదిహేడు, ఆదివారం, మధ్యాహ్నం బస్సుకు దిగుతాను.

జెలిండా