ఏడు డాబాల కబురు

జూలై 8, 1984, ఆదివారం

ఇవాళ మా సందులోంచి ఇంకో రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. పరుపులు, ఇత్తడి గిన్నెలు, గోడ అద్దాలు గాడిదల మీద ఊరి గుమ్మం దాకా, అక్కణ్ణుంచి ట్రక్కులో కొత్త ఊరికి. దూరమేం కాదు, ఖర్జూర తోటలు దాటితే కనిపిస్తుంది. సిమెంట్ ఇళ్లు, కొళాయిలు, కరెంటు. ఈ పాత ఊరు గదామెస్‌లో ఇక ఎవరూ ఉండకూడదట. మా వంతు పదహారో తారీఖు.

మా ఆయన మిఫ్తాహ్ సంబరపడిపోతున్నాడు. ఫ్యాను కింద పడుకుని టీ తాగుతాడట. పడుకుని టీ ఎలా తాగుతారో నేనూ చూస్తాను.

నాకు బాధంతా డాబాల గురించే. కింద వీధులు మగవాళ్లవి. ఇళ్లన్నీ పైన కలిసిపోయి సందుల్ని కప్పేశాయి. పట్టపగలే చీకటి. గోడ తడుముకుంటూ, ఎదురొచ్చేవాడికి తగలకుండా దగ్గుకుంటూ నడవాలి. అక్కడక్కడ పైన ఒక చదరపు కంత, దాంట్లోంచి కాస్త వెలుగు. పైన డాబాలు మాత్రం మావి. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి. పన్నెండేళ్ల కాపురంలో నేను పాఠాలు చెప్పే బడికి పోవడానికి తప్ప వీధిలోకి దిగింది తక్కువ. పగటిపూట డాబా ఎక్కిన మగవాడి పరువు ఆ పూటతో సరి.

ఎండ వాలాక, అసర్ నమాజు వేళకి డాబాల మీద కబుర్లు నడుస్తాయి. నేను అడ్డుగోడ దగ్గర నిలబడి మబ్రూకా వదినకి చెబుతాను. ఆమె తన పక్కావిడకి, ఆవిడ ఆ పక్కావిడకి. గోడ మనిషికన్నా ఎత్తు కాబట్టి ముఖాలు కనపడవు, గొంతులే. అలా ఏడిళ్లు దాటితే తుఫ్ఫాహా. నాకు పాలక్క. ఇద్దరం వాళ్లమ్మ పాలే తాగాం.

ఏడు డాబాలు దాటి నువ్వే వెళ్లొచ్చుగా అంటాడు మిఫ్తాహ్. ఆయనకేం తెలుసు. దారిలో ప్రతి డాబా మీదా కూర్చోబెట్టి మూడేసి గ్లాసుల టీ పోస్తారు. ఒక్క చోట వద్దన్నా ఆర్నెల్లు దెప్పుతారు. ఇరవయ్యొక్క గ్లాసులు తాగి తుఫ్ఫాహా దగ్గర కూర్చుని ఏం మాట్లాడతాను? కబురే నయం. మిఫ్తాహ్ పోస్టాఫీసులో గుమస్తా. మీ పోస్టుకి స్టాంపు ఖర్చు కూడా లేదే అని వేళాకోళం చేస్తాడు.

ఇవాళ కబురు పంపాను, మీ వంతు ఎప్పుడు అని. చీకటిపడేలోపు జవాబొచ్చింది. యూనిస్ ట్రక్కేసుకుని ట్రిపోలీ పోయాడట, వచ్చాక చూద్దామందట. యూనిస్ ఆమె మొగుడు. ఇంట్లో ఉండే రోజులకన్నా రోడ్డు మీద ఉండే రోజులెక్కువ.

జూలై 10, మంగళవారం

ఖాళీ ఇళ్ల తలుపులు మూసేస్తున్నారు. మేకలు దూరకుండా, మళ్లీ ఎవరూ కాపురం పెట్టకుండా. ఇళ్లు ఖాళీ చేయించే కమిటీ వాళ్లు లిస్ట్ పట్టుకొచ్చి మూడుసార్లు తలుపు కొడతారు. పలక్కపోతే ఇల్లు ఖాళీ అని రాసుకుని, మట్టి ఇటుకలు పేర్చి అలికేస్తారు.

ఇవాళ మా తలుపూ కొట్టారు. నేను లోపల, తలుపుకి జానెడు దూరంలో ఉన్నాను. పలకలేదు. కొత్త మగవాడు తలుపు కొడితే ఇంట్లో ఆడది పలకడం మా ఇంటావంటా లేదు. వాళ్లు మూడోసారి కొట్టి, ఇటుకలు దింపుతున్న చప్పుడైంది. అప్పటికీ నోరు పెగల్లేదు. అదృష్టం, మిఫ్తాహ్ భోజనానికి వచ్చాడు. బతికున్న మనిషిని సమాధి కడుతున్నారేంట్రా అని వీధంతా వినిపించేలా అరిచాడు.

తర్వాత నన్ను తిట్టాడు. నోట్లో ఖర్జూర గింజ అడ్డం పడిందా అన్నాడు. అవుననే అనుకో అన్నాను.

జూలై 11, బుధవారం

అసర్ వేళకి కబురు: తుఫ్ఫాహా రమ్మంటోంది. సామాను సర్దాలి, సర్దాక వస్తానని చెప్పించాను.

జూలై 12, గురువారం

మళ్లీ అదే కబురు. తొందరగా రమ్మంటోందట. నాకు చిరాకేసింది. ఇల్లంతా నా నెత్తిన పడి ఉంటే ఈవిడకి ముచ్చట్లు కావాల్సొచ్చింది. శనివారం దాకా తీరదని చెప్పమన్నాను. అలాగేనమ్మా అంది అవతలి గొంతు. మబ్రూకా వదిన నన్ను అమ్మా అనడం ఇదే మొదటిసారి.

జూలై 13, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున కొత్త ఇల్లు కడగడానికి వెళ్లాం. అక్కడ వీధి కొళాయి దగ్గర మబ్రూకా వదిన తివాచీ ఉతుకుతోంది. నిన్న సాయంత్రం కబురందించి పొద్దున్నే ఇక్కడికొచ్చేశావే అన్నాను. వదిన నా మొహంలోకి చూసింది. ఎండదెబ్బ తగిలిందేమే వర్దియా, మేమొచ్చి తొమ్మిది రోజులైంది, నువ్వు బడి బెంచీలు లెక్కపెట్టిస్తున్న రోజున వచ్చేశాం, చెప్పిపోదామంటే నువ్వు లేవు అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

తర్వాత ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ తిరిగాను. ఏడిళ్లవాళ్లూ ఇక్కడే ఉన్నారు. అందరికన్నా వెనక వచ్చినావిడ వచ్చి కూడా ఆరు రోజులు. డాబా మీద నాకు కబుర్లు అందిస్తున్నదెవరో వాళ్లకి తెలియదు. లేనిది తుఫ్ఫాహా ఒక్కతే. యూనిస్ చెల్లెలిని అడిగితే, అన్నయ్యే తన వెంట ట్రక్కులో తీసుకుపోయాడుగా అంది. యూనిస్ మాత్రం వెళ్తూ వెళ్తూ మిఫ్తాహ్‌తో, మా చెల్లెలు వచ్చి తీసుకుపోతుందిలే అన్నాడట. కమిటీ లిస్ట్‌లో ఆ ఇంటి ఎదురుగా ఖాళీ అని ఉంది.

సాయంత్రం పాత ఇంటికి తిరిగొచ్చాం. నేను డాబా ఎక్కలేదు. భయమేసింది. ఇందులో దాచుకోడానికేముంది.

జూలై 14, శనివారం, మధ్యాహ్నం

పొద్దున మిఫ్తాహ్ సందులోంచి వెళ్లి చూసొచ్చాడు. తుఫ్ఫాహా తలుపు ఇటుకలతో మూసి ఉంది, మట్టి ఎండిపోయింది. మూడుసార్లు పిలిచాడట, లోపల ఉలుకూ పలుకూ లేదట. మొగుడితోనే పోయుంటుంది, నువ్వు ఊరికే గుండెలు బాదుకోకు అన్నాడు. నమ్మాలనే ఉంది. ఎల్లుండికి మూటలు కడుతూ కూర్చున్నాను.

అదే రోజు, అసర్ వేళ

పైకెక్కి గోడ దగ్గరికి వెళ్లాను. తుఫ్ఫాహా ఉందా అని ఒక్క మాట అడిగాను. గోడ అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ఎవరో గొంతు సవరించుకున్నారు. ఉందమ్మా, నీళ్లయిపోయాయంటోంది అన్నారు.

వెళ్తున్నాను.

జూలై 15, ఆదివారం

కొత్త ఇంట్లో రాస్తున్నాను. ఒకరోజు ముందే వచ్చేశాం.

నిన్న నీళ్ల తిత్తి భుజానికేసుకుని గోడ మూల మెట్లెక్కి అవతలికి దిగాను. మబ్రూకా వదిన డాబా ఖాళీ. పొయ్యి చల్లగా ఉంది, పొయ్యి మీద సాలెగూడు. దుమ్ములో నా అడుగులు తప్ప ఇంకే అడుగూ లేదు. రెండో డాబా కూడా అంతే. మూడో దాని మీద ఒక పగిలిన కుండ. ఏ గోడ దిగినా ఇప్పుడే ఎవరో లోపలికి పోయారనిపించేది. మూడు గ్లాసుల టీ ఇచ్చేవాళ్లు ఒక్కళ్లూ లేరు. జన్మలో మొదటిసారి ఏడు డాబాలు ఆగకుండా దాటాను. ఏడ్చాను కూడా.

తుఫ్ఫాహా తన డాబా మీది వంటింట్లో, నీడలో పడుంది. పెదాలు చీలిపోయాయి. కుడి చీలమండ కుండంత వాచింది. మంగళవారం సాయంత్రం మెట్ల మీంచి జారిందట. పాక్కుంటూ పైకొచ్చి, ఒక కూజా నీళ్లతో, కాసిని ఖర్జూరాలతో నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. నీళ్లు తాగించాక కళ్లు తెరిచి, ఏడిళ్లలోనూ టీ తాగి వచ్చావేమే ఇంత ఆలస్యంగా అంది. దాని నోరు చావదు.

పడ్డానని ఎందుకు చెప్పించలేదే అంటే, నువ్వు కంగారుపడతావని రమ్మనమని మాత్రం అన్నానంది. మరి పొద్దున మిఫ్తాహ్ వచ్చి కింద నుంచి పిలిచాడుగా అంటే, విన్నానంది. మగగొంతు, మా ఆయనది కాదు, ఎలా పలుకుతానే అంది. కమిటీ వాళ్లు తలుపు కొట్టినప్పుడూ విందట. గొంతు ఎండి ప్రాణం పోతున్నా పలకలేదు. తిడదామనుకున్నాను. ఏ మొహంతో తిట్టను?

పక్క డాబా ఆవిడ మంచిది, పగలంతా మాట్లాడిస్తూనే ఉంది, నిద్రపోనివ్వలేదు అంది. గోడ దిగొచ్చి ఓ గుక్కెడు నీళ్లు పొయ్యమంటే మాత్రం, చేతులు ఖాళీ లేవమ్మా అనేదట.

తిత్తి మూతి మళ్లీ ఆమె నోటికి పెట్టాను.

ఆమెని ఎత్తుకుని ఇన్ని గోడలెక్కడం నా వల్లకాదు. కింద తలుపు మూసి ఉంది. మిఫ్తాహ్ ఎక్కడో మా సందు మొదట్లో మంచాలు కట్టిస్తున్నాడు. ఇంక మిగిలిందొక్కటే. గోడ దగ్గరికి వెళ్లి, మిఫ్తాహ్‌ని గడ్డపార తీసుకుని తుఫ్ఫాహా తలుపు దగ్గరికి రమ్మనండి అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అవతల ఎవరో అలాగే అన్నారు. ఆ మాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకి పోతూ ఉంటే విన్నాను. ఒకావిడది ముసలి గొంతు. ఒకావిడ మధ్యలో దగ్గింది. దూరం పోయేకొద్దీ సన్నబడి ఆగిపోయింది.

కాసేపటికి కింద ఇటుకల మీద గడ్డపార దెబ్బ పడింది.

మిఫ్తాహ్ చెప్పింది ఇది. సందులో ఉండగా పై కంతలోంచి ఒకావిడ పేరు పెట్టి పిలిచి, గడ్డపార పట్టుకుని రా అందట. వెళ్లిపోయినవాళ్లలో ఎవరో మర్చిపోయిన సామాను కోసం వచ్చారనుకున్నాడు. అలవాటు కొద్దీ తల వంచుకుని, పైకి చూడలేదు. తర్వాతి కంతలోంచి ఇంకొకావిడ, ఇటు కాదు ముందుకు అంది. నాలుగో ఆవిడ, పోస్టాఫీసు వాళ్లకి నడవడం రాదా నాయనా అందట. ఆ మాటకి కోపమొచ్చి పరిగెత్తానన్నాడు. ఏడో ఆవిడ, ఇదే, కొట్టు అంది. ఏడుగురివీ ఏడు గొంతులు. మా ఆయన తుఫ్ఫాహాని వీపు మీదేసుకుని ట్రక్కు దాకా మోశాడు.

ఇవాళ రాత్రి, ఆ డాబాల మీద ఎవరూ లేరని ఆయనకి చెప్పాను. ఫ్యాను కింద పడుకుని ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. టీ అలాగే చల్లారిపోయింది.

జూలై 19, గురువారం

తుఫ్ఫాహా కాలికి కట్టు వేశారు. ఆరు వారాలు కదలకూడదు. యూనిస్ వచ్చి, చెల్లెల్నీ తననీ కలిపి తిట్టుకుని ఏడ్చాడట. వాళ్లకి ఇల్లు ఊరి ఆ చివర ఇచ్చారు, మాకు ఈ చివర. మధ్యలో మూడు తారు రోడ్లు, ఒక మైదానం. ఇక్కడ ఏ డాబా ఇంకో డాబాకి ఆనుకోదు. నా మాట పక్కింటికే చేరదు. అంత మగజనం మధ్య రోడ్లు దాటి రోజూ పోలేను. నేను వెళ్లిన రోజున ఆమె గుమ్మం వైపే చూస్తూ పడుకుని ఉంది. చావు నుంచి లాక్కొచ్చి ఇక్కడ ఒంటరిగా పడేశానా అనిపించింది. మిఫ్తాహ్ మాత్రం, అవన్నీ గోడల్లో ప్రతిధ్వనులే, ఇంక ఆ ఊసెత్తకు అంటాడు. పోస్టాఫీసు నుంచి వచ్చేటప్పుడు పైకి చూడకుండా తల వంచుకునే వస్తున్నాడు.

జూలై 22, ఆదివారం

పక్కిల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, తాళం వేసి ఉంది. ఇవాళ అసర్ వేళకి దాని డాబా మీంచి ఒకావిడ, వర్దియా, ఇక్కణ్ణుంచి తుఫ్ఫాహా ఇల్లు ఎటమ్మా అని అడిగింది.

ఎటో చెప్పాను.